మార్చిలో ఎండిన సరస్సు

ఇరవై రెండు వ్యాసాలు దిద్దాను.
ఇరవై మూడో దాని మూడో పేజీలో కలం ఆగింది.
"మార్చి నెలలో చిల్వా సరస్సు పూర్తిగా ఎండిపోయింది.
నెర్రెలిచ్చిన దాని అడుగున నేను చెప్పుల్లేకుండా నిలబడ్డాను.
ప్రార్థన అంటే ఏమిటో అక్కడే తెలిసింది."

మార్చి అంటే మాకు వానలింకా సెలవు తీసుకోని నెల.
జోంబా కొండ నెత్తి మీంచి మబ్బు దిగని నెల.
సరస్సు ఎండితే అక్టోబరులో ఎండాలి, నవంబరులో ఎండాలి.
ఆ ఒడ్డున పుట్టినవాడెవడూ ఈ తప్పు రాయడు.
రాసింది లింబికాని.
పుట్టింది ఆ ఒడ్డునే.

తప్పు ఎవరిదో నాకు తెలుసు.
లైబ్రరీ కింది అరలో, చెదలు సగం చదివేసిన అట్టల మధ్య
ముప్పై ఏళ్ల కిందటి సిద్ధాంత వ్యాసం ఒకటుంది.
దాని వీపు మీద
పెళ్లికి ముందటి నా పేరు.

మా కాలేజీలో చేరిన రోజున ప్రతివాళ్లూ
చాపెల్‌లో నిలబడి ఒక కాగితం మీద సంతకం చేస్తారు,
నాది కాని మాటను నాదని చెప్పనని.
తొమ్మిదో ఆజ్ఞను పరీక్ష హాలు దాకా నడిపించుకొచ్చిన కాగితం అది.
తప్పితే సున్నా. రెండోసారి తప్పితే పెట్టె సర్దుకోవడమే.

పిలిచాను. వచ్చాడు.
చొక్కా మోచేతి దగ్గర వేరే రంగు గుడ్డ.
అడక్కముందే చెప్పేశాడు,
గొంతులోంచి చేపముల్లు తీసుకున్నట్టు.
"మేడమ్, నా ఇంగ్లీషు దేవుడికి కూడా అర్థం కాదనిపించింది.
ఆ పాత వ్యాసంలోది బాగుంది.
రాసినావిడ ఈపాటికి పోయి ఉంటుందనుకున్నాను."

నవ్వు రాలేదు నాకు.
"ఎండిపోవడం నువ్వు చూశావా?" అన్నాను.

అప్పుడు మొదలెట్టాడు, చిచేవాలో.
తనకి తొమ్మిదేళ్లట. పడవని ఇంటి గోడకి ఆనించేశారట.
రాత్రిళ్లు మేకలు అందులో పడుకునేవట.
తండ్రి పారతో బురద తవ్వితే, మోకాలి లోతున
మ్లాంబా చేప మీసాలు కదుపుతూ బతికే ఉండేదట.
కొన్నాళ్లకి అదీ దొరకలేదు.
తల్లి అన్నం గిన్నె కడిగి బోర్లించేసి
ఖాళీ కడుపుతోనే భోజనం ముందటి ప్రార్థన చేయించేదట.
అరికాళ్ల కింద మట్టి పెంకులు విరిగే చప్పుడు
నోటితో చేసి చూపించాడు.

నేను కిటికీ వైపు తిరిగాను.
ఆ చప్పుడు నాకు తెలియదు.

నేనెప్పుడూ ఆ సరస్సు అడుగున నిలబడలేదు.
బ్లాంటైర్ పిల్లని, కుళాయి నీళ్ల పిల్లని.
పక్క మంచం ఎలినెస్ చెప్పింది,
హాస్టల్లో కరెంటు పోయిన ఒక రాత్రి, గోడ వైపు తిరిగి.
నేను "ఆమె" కొట్టేసి "నేను" పెట్టాను.
నెల గుర్తులేక ఏదో ఒక నెల పెట్టాను.
ఫస్ట్ క్లాసు వచ్చింది.
మార్జిన్‌లో ఎర్ర సిరాతో "అనుభవం పలికింది" అని రాశారు.
ఎలినెస్ మరుసటేడు ఫీజు కట్టలేక వెళ్లిపోయింది.

ఇప్పుడీ లెక్క తేల్చండి:
దొంగిలించినవాడి చేతిలో ఆ వాక్యం నిజం,
ఒక్క నెల తప్ప.
సొంతదారు చేతిలో మొత్తం అబద్ధం.
ఏ కమిటీకి పంపను దీన్ని?

సున్నా వేశాను.
గుండ్రంగా, కొసలు కలిసేలా వేశాను.
కనికరమంటే సున్నాకి తోక తగిలించి ఆరు చేయడం కాదని చెప్పాను.
చెబుతుంటే నా గొంతు
ఎవరో అద్దెకిచ్చినట్టుంది.
సోమవారానికి ఇంకోటి రాసుకు రమ్మన్నాను,
తప్పుల ఇంగ్లీషుతోనే, మేకలతో సహా.

వాడు వెళ్లాక తాళంచెవి తీసుకుని లైబ్రరీకి నడిచాను.
ఆ "నేను" పక్కన పెన్సిలుతో రాశాను:
ఇది నేను చూడలేదు. ఎలినెస్ చెప్పింది.
ఇంటిపేరు కూడా రాద్దామనుకున్నాను.
ఎంతసేపు నిలబడినా
ఇంటిపేరు గుర్తు రాలేదు.

రేపు ప్రిన్సిపాల్ గదికి వెళ్లాలి.
నా సంతకం ఉన్న కాగితం కూడా
అక్కడే ఏదో ఫైల్లో ఉండాలి.

బయట వాన.
మార్చి కదా.